మోగిందా అని అడుగు

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి చివరి పేజీకి వచ్చేసరికి విసుగు పుట్టి పక్కన పడేశాను. "యంత్రం మాట్లాడటం మొదలెట్టింది, మనుషులు మూగబోయారు" అని రాశావే, అక్కడ. ఆ వాక్యం నీది కాదు. నేను పోటీలకు జడ్జీగా కూర్చున్నప్పుడల్లా సగానికి సగం కథలు అలాగే ముగిసేవి. టీవీ వచ్చినప్పుడు టీవీ మనిషిని మింగింది, సెల్లు వచ్చినప్పుడు సెల్లు మింగింది. ఇప్పుడు కిరాణా కొట్లో, ఫోనుతో కట్టిన డబ్బు పడగానే పైకి చెప్పే సౌండ్ బాక్సు వంతు. బహుమతులూ వాటికే ఇస్తారులే, అది వేరే ఏడుపు.

రెండోసారి చదివింది మూడో పేజీలోని తాత కోసం. చూపు మందగించిన ఆ తాత గల్లాపెట్టె దగ్గర కూర్చుని, నోటును బొటనవేలితో నిమిరి, చూపుడువేలి పక్కన పెట్టి కొలుచుకుని చిల్లర ఇస్తాడు. ఒక్క వాక్యం రాసి వదిలేశావు. కథంతా అక్కడే ఉంది తల్లీ, నువ్వు దాన్ని తొక్కుకుంటూ వెళ్ళిపోయావు.

కాస్త లెక్క చెప్తాను, విను. పాత ఐదొందల నోటు పొడవు 167 మిల్లీమీటర్లు, వంద నోటు 157. సెంటీమీటరు తేడా వేలికి ఇట్టే తెలుస్తుంది. 2016 నవంబరులో పాత ఐదొందలు రద్దయ్యాక వచ్చిన కొత్తది 150కి తగ్గింది. పాత వంద అలాగే చలామణిలో ఉంది. అంటే వంద నోటు ఐదొందల కంటే పొడుగన్నమాట! మరుసటి ఏడాది వచ్చిన రెండొందల నోటు 146. ఐదొందలకీ దానికీ తేడా నాలుగు మిల్లీమీటర్లు. చూపు లేనివాళ్ళ కోసం వంద మీద త్రికోణం, ఐదొందల మీద గుండ్రటి గుర్తు ఉబ్బెత్తుగా అచ్చు వేశారు, అంచున గీతలూ పెట్టారు. పది చేతులు మారేసరికి ఆ ఉబ్బు అరిగిపోతుంది. 2020 జనవరిలో రిజర్వ్ బ్యాంకు 'మణి' అని ఒక యాప్ తెచ్చింది. ఫోను కెమెరా కింద నోటు పెడితే అది ఎంతదో చెబుతుంది. మంచిదే. కానీ బేరం ముంగిట నిలబడి ఉండగా, అనుమానిస్తున్నట్టు ఒక్కో నోటుకీ ఫోను పట్టుకునే కొట్టువాడిని నేనింకా చూడలేదు.

అంటే ఏమైంది? ఏళ్ళ తరబడి నీ కథలోని తాత వేళ్ళకు వచ్చిన విద్య కొద్ది రోజుల్లో పనికిరాకుండా పోయింది. తర్వాత కొడుకు తెచ్చి పెట్టిన ఆ చిన్న సౌండ్ బాక్సు డబ్బా ఆయన లెక్కను చేతిలోంచి చెవిలోకి మార్చింది. పోయిన కొట్టు ఆయనకు తిరిగి వచ్చింది. నువ్వేమో ఆ డబ్బాని విలన్ చేశావు!

నాకీ కోపం ఎందుకంటే నేను చెవితో బతికినవాణ్ణి. తంతి ఆఫీసులో, అంటే టెలిగ్రాం ఆఫీసులో చేరినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. టెలిగ్రాఫు తయారుచేసిన మోర్సు తన యంత్రాన్ని కంటి కోసం చేశాడు, కాగితం పట్టీ మీద అక్షరాలకు బదులు చుక్కలూ గీతలూ పడేలా. దాని ముందు కూర్చున్న కుర్రాళ్ళు కాగితం చూడటం మానేసి, చప్పుడు విని వార్త రాసుకోవడం మొదలెట్టారు. కంపెనీలు మొదట్లో ఒప్పుకోలేదట. చివరికి యంత్రమే మారింది, కాగితం లేకుండా టక్కుటక్కుమనే సౌండరు వచ్చింది. రెండు టక్కుల మధ్య ఎడం తక్కువైతే చుక్క, ఎక్కువైతే గీత. మా సీనియరు సౌండరు వెనక ఖాళీ సిగరెట్ డబ్బా నిలబెట్టేవాడు, గోలలో కూడా చప్పుడు ఖంగుమని వినపడాలని. అటువైపు ఎవరు కూర్చున్నారో కూడా ఆయన చప్పుడుబట్టి చెప్పేసేవాడు. చావు కబురు రాసుకుంటున్నప్పుడు పెన్సిలు ఆగేది కాదు, మొహం మాత్రం మారేది.

ఆ సిగరెట్ డబ్బా గురించి ఒక పేరా రాసి ఒక వారపత్రికకు కథ పంపాను. సంపాదకుడు ఆ పేరా మొత్తం కొట్టేసి "తంతి వచ్చింది. ఆమె కూలబడిపోయింది" అని వేశాడు. "పాఠకుడికి సామాన్లు అక్కర్లేదండీ, భావోద్వేగం కావాలి" అన్నాడు. నలభై ఏళ్ళైంది, నాకింకా మంట తగ్గలేదు. 2013 జూలైలో టెలిగ్రాం సర్వీసు ఆపేసినప్పుడు పత్రికలన్నీ కన్నీళ్ళు పెట్టుకున్నాయి. ఆ చప్పుడు ఎలా ఉండేదో ఒక్కడూ రాయలేదు.

ఆక్స్‌ఫర్డ్‌లో 2004లో ఒక ప్రయోగం చేశారు. చిప్స్ కొరికిన చప్పుడునే హెడ్‌ఫోన్లో కాస్త పెంచి వినిపిస్తే, తింటున్నవాళ్ళు అవి ఎక్కువ కరకరలాడుతున్నాయన్నారు. నాలుకను చెవి మోసం చేసిందన్నమాట. వస్తువులు తయారుచేసేవాళ్ళకు ఇదంతా తెలుసు. ఫోను ఎంత వణకాలి, కారు తలుపు ఏ చప్పుడుతో మూసుకోవాలి అని జీతాలిచ్చి మరీ ఆలోచిస్తారు. కథలు రాసేవాళ్ళం మాత్రం ఇంకా "ఆమె కళ్ళల్లో ఏదో వెలుగు" దగ్గరే ఉన్నాం.

ఇక నీ సౌండ్ బాక్సు. ఒకసారి వెళ్ళి దాని పక్కన కూర్చో. దానికి సొంత సిమ్ము ఉంటుంది. డబ్బు పడగానే అంకెల ముక్కలు అతికించి చదువుతుంది. అది ఎందుకొచ్చింది? రద్దీలో ఫోను తీసి మెసేజీ చూసుకునే తీరిక కొట్టువాడికి లేదు. దొంగ స్క్రీన్‌షాట్లు చూపించి జారుకునేవాళ్ళున్నారు. సిగ్నలు లేనప్పుడు ఏమవుతుందో చూడు. కొన్నాయన "పడిందండీ" అంటాడు, కొట్టువాడు "మోగలేదు" అంటాడు. ఆ రెండు మాటల మధ్య ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నిలబడే అర నిమిషం ఉందే, మనుషులు మూగబోయేది అక్కడ. నీ చివరి వాక్యం అక్కడైతే నేను ఒప్పుకునేవాణ్ణి.

ఇంకోటి. అది అందరికీ వినపడేలా చెబుతుంది. పక్కనావిడ ఆరొందల సామాను కట్టించుకుంటుంటే, పిల్లకి ఒక్క షాంపూ ప్యాకెట్టు కొన్నామె వెనక "రెండు రూపాయలు" అని బజారంతా మోగుతుంది. మడిచి చేతిలో పెట్టిన నోటు అలా అరిచేది కాదు. ఈ సిగ్గు కొత్తది. దీని గురించి కథ నేనైతే చదవలేదు.

సంపుటి వేయించాలా అనీ, ఇంకేవో నాలుగు ప్రశ్నలూ అడిగావు. భాష బాగుంది, అది చెప్పడం మర్చిపోయాను.

ఇంతకీ ఆ తాత నిజంగా మీ ఇంట్లో ఉన్నారా? ఉంటే ఆయన చేతికి ఒక పాత వంద, ఒక కొత్త ఐదొందలు ఇచ్చి కళ్ళు మూసుకోమను. ఏమంటారో ఆయన మాటల్లోనే రాసి పంపు. కాగితం మీద పంపు, ఫోన్లో చదవడం నావల్ల కాదు.

మీ మాస్టారు