మద్రాసు ట్రాములు ఏమైపోయాయి?

ప్రశ్న: మా తాతయ్య మద్రాసులో చదువుకునే రోజుల్లో ట్రాము ఎక్కి ప్యారిస్ కార్నర్‌కి వెళ్ళేవారట. మొన్న చెన్నై వెళ్తే ఎక్కడా ఆ జాడే లేదు. అవి ఎప్పుడు ఆగిపోయాయి? ఎందుకు?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: అమ్మా, మీ తాతయ్య చెప్పింది నిజం. నేనూ ఎక్కాను. 1953 ఏప్రిల్ 12న ట్రాములు ఆగిపోయేనాటికి నాకు ఎనిమిదేళ్ళు. పొట్టి శ్రీరాములుగారు పోయి నాలుగు నెలలవుతోంది. మింట్ వీధిలో మా అరుగు మీద పెద్దవాళ్ళకి ఒకటే మాట: మద్రాసు లేని ఆంధ్ర రాష్ట్రం ఏం రాష్ట్రం అని. నాకు మాత్రం ట్రాము పోతోందన్నదే దిగులు.

లైను చివర నిలబడి చూడడం నాకెంతో ఇష్టం. కండక్టరు కిందికి దిగి, బండి మీది పొడుగాటి కడ్డీని తాడుతో లాగి తీగ నుంచి తప్పించేవాడు. తాడు పట్టుకునే బండి చుట్టూ నడిచొచ్చి, రెండో వైపుకి తిప్పి మళ్ళీ తీగకి తగిలించేవాడు. తగిలీ తగలగానే నీలం రంగు నిప్పురవ్వలు. ఈలోగా డ్రైవరు తన హ్యాండిల్ ఊడదీసుకుని అవతలి కొసకి వెళ్ళి బిగించుకునేవాడు. బండి తిరగక్కర్లేదు, మనుషులే తిరిగేవారు. కాలితో గంట నొక్కాడంటే ఇక బయల్దేరినట్టే.

దేశంలో కరెంటు ట్రాము మొదట నడిచింది మన మద్రాసులోనే, 1895 మేలో. కలకత్తా, బొంబాయి ఆ తర్వాతే. మొదట్లో కరెంటు నేలలో తవ్విన గాడిలోంచి వచ్చేది. ఇక్కడి వానల సంగతి తెలిసిందేగా, గాడి నిండా నీళ్ళు చేరి అది పనికిరాకుండా పోయింది. అప్పుడు పైన తీగలు కట్టారు.

ఎందుకు ఆగాయంటారా? బస్సులు పెరిగాయి. ట్రాము కంపెనీ నష్టాల్లో కూరుకుపోయి చేతులెత్తేసింది. ఆ బండ్లను నిలబెట్టుకోవాల్సిందని నేనిప్పటికీ అంటాను. ఆ తర్వాత నగరం బస్సుల మీదే నడిచింది. 1972లో వచ్చిన పల్లవన్ బస్సుల పేరు ఇక్కడి పెద్దవాళ్ళ నోట ఇంకా వినిపిస్తుంది.

ఆ కాలం నాటిది ఒకటి మాత్రం మిగిలింది. బీచ్ స్టేషన్ నుంచి తాంబరం వెళ్ళే కరెంటు లోకల్ రైలు. 1931లో మీటర్ గేజ్ మీద మొదలైంది, ఇప్పుడు బ్రాడ్ గేజ్ మీద నడుస్తోంది. కోడంబాక్కంలో దిగి సినిమా స్టూడియోల చుట్టూ తిరిగిన మనవాళ్ళెందరో ఆ రైల్లోనే వచ్చారు. 2015లో మెట్రో వచ్చింది, చల్లగా, శుభ్రంగా ఉంటుంది. అయినా పూల గంపతో, కూరల మూటతో ఎక్కేవాళ్ళకి లోకలే దిక్కు. ఈసారి వస్తే ప్యారిస్ కార్నర్ నుంచి నడిచి బీచ్ స్టేషన్‌కి వెళ్ళి, మాంబళం దాకా అందులో రండి.

మా నాన్న మౌంట్ రోడ్డులో ఒక కొట్లో గుమాస్తా. ట్రాములు ఆగిన మర్నాడు బస్సు కోసం చాలాసేపు చూసి, చివరికి నడిచే వెళ్ళారు. రాత్రి ఇంటికొచ్చాక అమ్మ వేణ్ణీళ్ళు పెట్టి ఆయన పాదాలు కడిగింది. చెప్పు కరిచిన చోట తోలు లేచిపోయి ఉంది.