గెటిస్‌బర్గ్ యుద్ధంలో మూడో రోజు లీ లెక్క ఎక్కడ తప్పింది?

ముందు ఫిరంగుల దగ్గరే తప్పింది. అమెరికా అంతర్యుద్ధంలో, 1863 జూలై 3 మధ్యాహ్నం, దక్షిణాది సేనాని లీ గంటకు పైగా గుళ్ల వాన కురిపించాడు. పొగలో గురి కుదరక చాలా గుళ్లు ఉత్తరాది వరస దాటి వెనక పడ్డాయి. అవతల ఫిరంగి దళాధిపతి హంట్ గడుసువాడు. మందుగుండు మిగుల్చుకోవాలని తన ఫిరంగులను మెల్లమెల్లగా ఆపించాడు. అవి పనికిరాకుండా పోయాయని దక్షిణాదివాళ్లు నమ్మేశారు!

ఆ నమ్మకంతో దాదాపు 12,500 మంది దక్షిణాది సైనికులు ముప్పావు మైలు బయల్లో నడిచారు. దారిలో ఎమిట్స్‌బర్గ్ రోడ్డు కంచెలు. ఎక్కి దూకబోయినవాళ్లు అక్కడికక్కడే కూలారు. సగం మంది చనిపోవడమో, గాయపడటమో, పట్టుబడటమో జరిగింది.

లీ కింది సేనాని లాంగ్‌స్ట్రీట్ ఈ దాడి ముందే వద్దన్నాడు. దాడికి పొమ్మనాల్సిన వేళ అతనికి నోరు పెగల్లేదు, తల మాత్రం ఊపాడు. వద్దన్నవాడికే ఆ దాడి అప్పగించడం, నా దృష్టిలో, లీ చేసిన రెండో తప్పు.