రొయ్య పెంకుల నుంచి కైటోసాన్: మా అమ్మాయి ఏ బీటెక్‌లో చేరాలి?

ప్రశ్న: నేను భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో సూపర్‌వైజర్‌ను. ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి, రొయ్య తలలు, పెంకుల వంటి వ్యర్థాల నుంచి కైటోసాన్ (మురుగునీటి శుద్ధిలో, గాయాల కట్లలో వాడే పదార్థం) వంటి విలువైన పదార్థాలు తీసే రంగంలోకి వెళ్తానంటోంది. ఏ కోర్సు తీసుకోవాలి? ఉద్యోగాలు ఉంటాయా?

జవాబు: ఈ పని కోసమే పెట్టిన బీటెక్ కోసం వెతకవద్దని నా సలహా. మీ అమ్మాయి ముందున్న అసలు ఎంపిక కెమికల్ ఇంజినీరింగ్, ఫుడ్ టెక్నాలజీల మధ్యనే. ఎంపీసీ విద్యార్థిని కాబట్టి నేనైతే మొదటిదానికే మొగ్గు చూపుతాను.

కారణం ఆ ప్రక్రియలోనే ఉంది. పెంకులను పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉంచితే కాల్షియం కార్బొనేట్ కరిగిపోతుంది, ఆపైన కాస్టిక్ సోడా ద్రావణంతో మాంసకృత్తులను తొలగిస్తే పెంకులోని నారలాంటి పదార్థమైన కైటిన్ మిగులుతుంది, ఆ కైటిన్‌నే 40 నుంచి 50 శాతం గాఢత గల కాస్టిక్ సోడాలో వేడిచేస్తే కైటోసాన్ వస్తుంది. కాలేజీ ల్యాబ్‌లో ఇది కష్టమేమీ కాదు. కానీ ఫ్యాక్టరీలో తలలు, పెంకులు కొన్ని గంటల్లోనే కుళ్లడం మొదలవుతుంది. ప్రతి దశ తరువాతా కడగాలి కనుక ఆమ్లం, క్షారం కలిసిన నీరు భారీగా పోగవుతుంది, దాన్ని శుద్ధి చేసే ఖర్చే చాలాసార్లు లాభనష్టాలను తేలుస్తుంది. పైగా మురుగునీటిని తేర్చడానికి వాడే కైటోసాన్‌కూ, గాయాల రక్తస్రావాన్ని ఆపే కట్లలో వాడే కైటోసాన్‌కూ స్వచ్ఛతలో, అణుభారంలో, ధరలో ఎంతో తేడా ఉంటుంది. ప్రతి బ్యాచ్‌లోనూ ఒకే నాణ్యత తేవడం, ఆరబెట్టడం, వేరుచేయడం, నీటి లెక్కలు, ఖర్చు లెక్కలు కెమికల్ ఇంజినీర్ చేసే పనులే.

ఆమెకు ఆసక్తి మాంసకృత్తుల మీద, లేదా రొయ్యకు ఎరుపునిచ్చే అస్టాజాంథిన్ వంటి వర్ణకాల మీద ఉంటే మాత్రం, సూక్ష్మజీవశాస్త్రం, ఆహార భద్రత నేర్పే ఫుడ్ టెక్నాలజీ మేలు. బాపట్ల, పులివెందులలోని వ్యవసాయ విశ్వవిద్యాలయ కళాశాలలు, జేఈఈ మెయిన్ ద్వారా ప్రవేశమిచ్చే కుండ్లీ, తంజావూరు నిఫ్టెమ్‌లు (కేంద్ర ప్రభుత్వ ఆహార సాంకేతిక విద్యాసంస్థలు) ఇందుకు ఉన్నాయి.

ఉద్యోగాల విషయం దాచకుండా చెబుతాను. కైటోసాన్ తయారీకే పరిమితమైన కర్మాగారాలు మన దగ్గర తక్కువ. ఆ ఒక్క పదార్థాన్నే నమ్ముకుని చదువు ఎంచుకుంటే ఇబ్బంది పడతారు. అయితే ఇదే విద్య తవుడు నూనె, దాని శుద్ధిలో దొరికే ఒరైజనాల్ అనే విలువైన పదార్థం, గుంటూరు మిర్చి ఒలియోరెసిన్ (మిర్చి ఘాటు, రంగు ఉండే చిక్కని సారం), హైదరాబాద్, విశాఖ ఫార్మా కంపెనీలు అన్నింటిలోనూ అక్కరకొస్తుంది. మొదటి ఉద్యోగం ప్రాసెస్, క్వాలిటీ, లేదా ఈటీపీ (ఫ్యాక్టరీ మురుగునీటిని శుద్ధి చేసే) విభాగంలో రావచ్చు. ఈటీపీ అనగానే చిన్నచూపు చూడవద్దు, వ్యర్థంలో ఏమి పోతున్నదో అందరికన్నా ముందు తెలిసేది అక్కడే.

పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే బీటెక్ తరువాత ఎంటెక్ ప్రవేశాలకు గేట్ పరీక్ష రాయవచ్చు. కొచ్చిలోని సీఐఎఫ్‌టీ (కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ) చేపల, రొయ్యల వ్యర్థాల మీద చాలా కాలంగా పనిచేస్తోంది, దానికి విశాఖపట్నంలోనూ పరిశోధన కేంద్రం ఉంది. ఆహార సాంకేతికత మీద పనిచేసే మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐ, రసాయన సాంకేతికత మీద పనిచేసే హైదరాబాద్ ఐఐసీటీ పరిశోధన సంస్థలు కూడా గుర్తుంచుకోదగినవే.

కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేలోపు, యాజమాన్యం అనుమతితో మీ ప్లాంట్ ఈటీపీని ఆమెకు ఒకసారి చూపించండి. పెంకుల లారీ ఎక్కడికి పోతుందో, కిలో ఎంతకు అమ్ముడవుతుందో కూడా ఆమెనే అడిగి తెలుసుకోనివ్వండి.