ఆ షాట్ తీసిందెవరు?

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. వాక్యం బాగుంది. కానీ అమెరికాలో నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ మీద అన్ని పేజీలు రాసి తోలు కోట్లు, టోపీలు, తుపాకులు, పిడికిళ్ళు తప్ప ఇంకేం పెట్టలేదే! పైగా ‘డాక్యుమెంటరీ అబద్ధమాడదు’ అట. అక్కడ నాకు ఒళ్ళు మండింది.

ఆ షాట్ తీసిందెవరు? టీవీ వాళ్ళా, పార్టీ వాళ్ళా, పోలీసులా? ఇది తేల్చుకోకుండా డాక్యుమెంటరీ గురించి ఒక్క ముక్కా రాయకూడదంటాను. చాదస్తమనుకో. 1967 మేలో పాంథర్లు తుపాకులతో శాక్రమెంటోలోని కాలిఫోర్నియా శాసనసభలోకి నడిచారు, అక్కడ కెమెరాలున్నాయి. ఇప్పటికీ ఆ షాట్ తిరుగుతూనే ఉంది. 1969 నుంచి ఓక్లాండ్ చర్చిలో రోజూ పొద్దున్నే పిల్లలకు టిఫిన్ పెట్టారు. దానికి తెరమీద దక్కేది కాసేపే.

చికాగోలో పాంథర్ల యువనేత ఫ్రెడ్ హాంప్టన్ మీద హోవర్డ్ ఆల్క్, మైక్ గ్రే వాళ్ళు సినిమా తీస్తుండగానే, 1969 డిసెంబర్ 4 తెల్లవారుజామున పోలీసులు ఇంటి మీద పడి అతన్నీ మార్క్ క్లార్క్‌నీ చంపారు. హాంప్టన్‌కి 21 ఏళ్ళు. ఇంటికి సీలు వెయ్యలేదు, కెమెరా లోపలికెళ్ళింది. పాంథర్లు కాల్చిన గుర్తులంటూ అధికారులు పత్రికకిచ్చిన ఫొటోల్లోవి తూటా రంధ్రాలు కావు, మేకు తలలు! పోలీసులవి 90కి పైగా తూటాలు, లోపలివాళ్ళది ఒక్కటేనని తర్వాత తేలింది. 1971లో వచ్చిన ఆ సినిమా సగం మనిషి, సగం పంచనామా. అంత నిజాయితీ కెమెరాకీ ఒకటి అందలేదు: ఇంటి నక్షా ఎఫ్‌బీఐకి చేరవేసింది పార్టీ భద్రత చూసే విలియం ఓనీలే. అతను ఎఫ్‌బీఐ మనిషన్న సంగతి 1973లో గానీ బయటపడలేదు.

ఈ సంగతే నేను వెనకటికి ఒక ఆదివారం అనుబంధానికి రాస్తే, ఎడిటరుగారు మేకులూ టిఫిన్లూ కోసేసి ‘తుపాకీ ఫొటో ఏమైనా ఉందా?’ అన్నాడు. అరపేజీ ఫొటో వేశాడు. పారితోషికం మాట ఎత్తకు. ఇప్పటివాళ్ళు ఫొటోకి బదులు రీల్ అడుగుతున్నారు, అంతే తేడా.

ఇంకొకటి, ఆడవాళ్ళేరి? 1974 నుంచి పార్టీని నడిపింది ఎలేన్ బ్రౌన్. నువ్వు తెగ మెచ్చుకున్న స్టాన్లీ నెల్సన్ 2015లో పాంథర్ల మీద తీసిన డాక్యుమెంటరీని ఆవిడే బాహాటంగా దుయ్యబట్టింది. ఎందుకో చదివి రాయి.

1972లో బొంబాయిలో పుట్టిన దళిత పాంథర్లను చివర్లో రెండు లైన్లతో సరిపెట్టావు. తీసెయ్యి, అది వేరే వ్యాసం. హాంప్టన్ పేజీ తిరగరాసి పంపు.