శేషాచలం అడవిలో చనిపోయినవాళ్ళలో ఎవరి గురించి అడగాలి?

మీరు అడిగినవి రెండు. పోలీసులో, మావోయిస్టుల మీదికి లేచిన సల్వాజుడుం లాంటి దళాలో చంపితే గగ్గోలు పెట్టే హక్కుల సంఘాలు, నక్సలైట్లో స్మగ్లర్లో చంపితే ఎందుకు నోరు మెదపవు అనేది ఒకటి. అట్లాంటి దుర్మార్గుల్ని కోర్టుల దాకా పోనీకుండా ఏరేస్తే తప్పేముంది అనేది రెండోది.

నేను తిరుపతి కోర్టులో చాలా ఏళ్ళు వకీలు గుమాస్తాగా పనిచేశాను. మా ఆవిడది తమిళనాడులోని గుడియాత్తం కాబట్టి ఇంట్లో అరవం బాగానే నడుస్తుంది. అందువల్ల ఎర్రచందనం కేసుల్లో పట్టుబడిన తమిళ కూలీలు చెప్పేది వకీళ్ళకు తెలుగులో చెప్పే పని నా నెత్తిన పడింది. ఇంకోపక్క మా చిన్నాన్న కొడుకు ఫారెస్టు శాఖలోనే ఉన్నాడు, రాత్రిళ్ళు అడవిలో గస్తీ తిరుగుతాడు. రెండు వైపులా నాకు కావలసినవాళ్ళున్నారు. అందుకే ఈ ప్రశ్న చూసి ఊరికే ఉండలేకపోయాను.

ఏరుకుని మాట్లాడేవాళ్ళు ఉన్న మాట నిజం. కానీ హక్కుల సంఘాల్ని అనే ముందు మన జిల్లాలో ఏం జరిగిందో చూడండి. 2013 డిసెంబరులో శేషాచలం అడవిలో ఎర్రచందనం దుంగలు కొట్టే గుంపు ఇద్దరు అటవీ సిబ్బందిని చంపేసింది. తిరుపతి భగ్గుమంది. అదే వారం గుడియాత్తం వెళ్తే మా అత్తగారి వీధిలో ఆ ఇద్దరి ఊసే లేదు. తర్వాత 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి మండలం శ్రీవారిమెట్టు వైపు అడవిలో ఎర్రచందనం స్మగ్లింగును అడ్డుకునే టాస్క్‌ఫోర్సు కాల్పుల్లో 20 మంది తమిళ కూలీలు చనిపోయారు. ఈసారి తమిళనాడు అట్టుడికింది, మన ఆర్టీసీ బస్సులు సరిహద్దు దాటలేకపోయాయి. ఇక్కడేమో టీకొట్టు దగ్గర మా వయసువాళ్ళే ‘పీడా వదిలిపోయె’ అన్నారు. రాళ్ళతో, గొడ్డళ్ళతో మీద పడితే ఆత్మరక్షణకు కాల్చామని పోలీసులు చెప్పారు. ముందురోజే కొందరిని బస్సులో నుంచి దించి తీసుకుపోయారని సాక్షులు జాతీయ మానవ హక్కుల కమిషన్ ముందు చెప్పారు. ఒక్కో కుటుంబానికి 5 లక్షల మధ్యంతర పరిహారం ఇవ్వమని కమిషన్ సిఫారసు చేసింది. టీకొట్టులో ఆ సాక్షుల మాట విన్నవాళ్ళు తక్కువ, వినాలనుకున్నవాళ్ళు ఇంకా తక్కువ.

ఆ చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది తిరువణ్ణామలై, ధర్మపురి వైపు కొండ ఊళ్ళవాళ్ళు. అట్లాంటి ఊళ్ళ ఆడవాళ్ళని కోర్టు వరండాలో చాలామందిని చూశాను. జవ్వాదు కొండల నుంచి వచ్చిన ఒకామె నాకు బాగా గుర్తు. చేతిలో బట్టలషాపు ప్లాస్టిక్ కవరు, అందులో రేషన్‌కార్డు జిరాక్సు, మొగుడి ఓటరు కార్డు, మడతల దగ్గర చిరిగిపోయిన ఒక తెలుగు కాగితం. ఏం రాశారో చదివి చెప్పమంది. అది ముద్దాయిల పట్టిక. ఆమె మొగుడి పేరు పక్కన తండ్రి పేరు వేరే ఎవరిదో ఉంది. ‘ఇది మా మామ పేరు కాదన్నా, అయితే లోపల ఉన్నది మా ఆయనేనా?’ అని అడిగింది. దుంగలు లారీకెక్కించి, అక్కడి నుంచి ఓడకెక్కించి డబ్బు చేసుకునేవాళ్ళ ఇంటి ఆడవాళ్ళు ఎవరూ ఆ వరండాలో నిలబడి నేను చూడలేదు.

ఇక ఫారెస్టులో ఉన్న మా తమ్ముడి మాట. ఒక పండక్కి భోజనాల దగ్గర అన్నాడు: ‘అన్నా, అడవిలో మేము నలుగురం, చేతిలో లాఠీలు. అవతల యాభై మంది, గొడ్డళ్ళు. రేపు నేను పోతే మీ హక్కులోళ్ళు ఎవరైనా మా ఇంటికి వస్తారా?’ నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ తర్వాత తిరుపతిలో జరిగిన ఒక హక్కుల మీటింగులో లేచి ఇదే అడిగాను. అక్కడి పెద్దాయన చెప్పింది ఇది: ‘స్మగ్లరు చంపితే కేసు పెట్టడానికి, పట్టుకోడానికి, శిక్ష వేయించడానికి ఒక ప్రభుత్వం మొత్తం ఉంది. ప్రభుత్వమే చంపితే కేసు పెట్టేదెవరు? మా పని అక్కడ మొదలవుతుంది.’ ఈ మాటలో బలముంది, కాదనను. కానీ మా తమ్ముడు అడిగింది కేసు గురించి కాదు. ఇంటికి వచ్చి పలకరిస్తారా అని అడిగాడు. దానికి ఆయన దగ్గరా జవాబు లేదు.

ఈ లోటు ఆ ఉద్యమంలోనే పట్టుకున్న మనిషి బాలగోపాల్. లెక్కల ప్రొఫెసరు, తర్వాత వకీలు. పోలీసు ఎన్‌కౌంటర్ల మీద ఆయనంత పోరాడినవాళ్ళు తెలుగునాట తక్కువ. 1989లో ‘ప్రజాబంధు’ అనే పేరుతో నక్సలైట్లకు వ్యతిరేకంగా తిరిగే ఒక ముఠా ఆయన్ని ఎత్తుకుపోయింది కూడా. అంత జరిగాక కూడా, నక్సలైట్లు చేసే హత్యల్ని సైతం ప్రశ్నించాల్సిందేనని తన సొంత సంఘమైన పౌరహక్కుల సంఘంలోనే వాదించారు. అక్కడ కుదరక బయటికొచ్చి 1998లో మానవ హక్కుల వేదిక పెట్టారు. హక్కుల మాట ఎత్తేవాళ్ళంతా ఒకటేనని అనేవాళ్ళు ఈయన సంగతి తెలుసుకోవాలి.

రెండో ప్రశ్న. ఏరేసే పని పోలీసు కాని వాళ్ళ చేతికి ఇస్తే ఏమవుతుందో మనకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. మన ఉమ్మడి రాష్ట్రంలోనే నక్సలైట్లకు వ్యతిరేకమంటూ గ్రీన్ టైగర్స్ పేరుతో బయల్దేరినవాళ్ళు 2000లో పురుషోత్తంని, 2001లో ఆజం అలీని నరికి చంపారు. ఇద్దరూ పౌరహక్కుల సంఘం మనుషులు, ఇద్దరి చేతుల్లోనూ తుపాకీ లేదు. మాజీ నక్సలైటు నయీం పోలీసుల అండతోనే ఎదిగాడని ఎంతమంది అన్నారో మీకు తెలుసు. 2016లో షాద్‌నగర్‌లో వాడు చచ్చాక బయటపడినవి సిద్ధాంతాలు కావు, భూముల దస్తావేజులు. ఛత్తీస్‌గఢ్‌లో 2005లో మొదలైన సల్వాజుడుం కూడా మావోయిస్టులకు ఎదురు నిలబడడానికనే వచ్చింది. ఊళ్ళు తగలబడ్డాయి, గోండు కుటుంబాలు పారిపోయి మన ఖమ్మం అడవుల్లో గుడిసెలు వేసుకున్నాయి. మావోయిస్టులు తక్కువ తినలేదు, 2006 జులైలో ఎర్రబోరు శిబిరం మీద పడి నిద్రలో ఉన్న గిరిజనుల్ని చంపారు. 2011 జులై 5న సుప్రీంకోర్టు, సరైన చదువూ శిక్షణా లేని గిరిజన కుర్రాళ్ళకు తుపాకులిచ్చి ఎస్పీఓలుగా, అంటే స్పెషల్ పోలీసు ఆఫీసర్లుగా దింపడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. ఆ తీర్పు ఇచ్చిన ఇద్దరిలో ఒకరు మన తెలుగు జడ్జి, జస్టిస్ సుదర్శన్ రెడ్డి.

మన దగ్గరికే వద్దాం. ఆ ఇద్దరు అటవీ సిబ్బంది హత్య కేసులో దొరికినవాళ్ళని దొరికినట్టు వందలమందిని ముద్దాయిలుగా చూపించారు. చివరికి కేసు కోర్టులో నిలబడలేదు. ఎవరు ఏ దెబ్బ కొట్టారో తేల్చాల్సిన దర్యాప్తు, మూకుమ్మడి అరెస్టుల్లో కొట్టుకుపోయింది. అట్లాంటి అరెస్టుల్నే ‘గట్టి చర్య’ అని మెచ్చుకున్నాం. అసలు చంపినవాడు ఈపాటికి ఎక్కడో హాయిగా తిరుగుతుంటాడు. 2015లో 20 మందిని కాల్చడం వల్ల వాడి పేరు బయటికి రాలేదు.

ఒక సంగతి చెప్తాను, మీకు పనికొస్తుంది. 2014 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఎన్‌కౌంటర్ల మీద 16 మార్గదర్శకాలు ఇచ్చింది. కాల్పుల్లో మనిషి చనిపోతే ఎఫ్‌ఐఆర్ ఉండాలి, దర్యాప్తు సీఐడీయో వేరే స్టేషన్ బృందమో చెయ్యాలి, మెజిస్టీరియల్ విచారణ జరగాలి. ఆ విచారణ ఎప్పుడో, ఎక్కడో పేపర్లో చిన్న ప్రకటన వేస్తారు. తెలిసిన విషయం ఉంటే ఎవరైనా వెళ్ళి వాంగ్మూలం ఇవ్వొచ్చు. అట్లాగే అటవీ సిబ్బంది మీద దాడి కేసుల వాయిదాలకు కూడా వెళ్ళండి, కోర్టు హాలు అందరికీ తెరిచే ఉంటుంది. నేను కూర్చున్న అట్లాంటి వాయిదాల్లో చనిపోయిన ఉద్యోగి తరపు బంధువులు వెనక బెంచీ మీద ఒంటరిగా ఉండేవాళ్ళు. ఊళ్ళో కొవ్వొత్తుల ర్యాలీ తీసినవాళ్ళు ఒక్కరూ కనపడేవాళ్ళు కాదు, హక్కుల సంఘం వాళ్ళూ కనపడేవాళ్ళు కాదు.