మా విశ్వాసం ఒప్పుకోదంటూ భర్త అబార్షన్ ఆపవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా, కథోలిక కుటుంబం. నాకు 34 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. రెండో కాన్పులో బీపీ పెరిగి ప్రాణం మీదికి వచ్చింది. తర్వాత కాపర్-టి వేయించుకున్నా నెల తప్పింది. స్కానింగులో 11 వారాలు అన్నారు. నాకు ఈ గర్భం వద్దు. మా వారు, అత్తగారు మాత్రం ఇది హత్యతో సమానమని, శ్రీసభ (కథోలిక చర్చి) ఒప్పుకోదని అంటున్నారు. కోర్టుకెళ్లి ఆపిస్తానని మరిది బెదిరిస్తున్నాడు. మిషన్ ఆసుపత్రిలో 'మేం చేయం' అన్నారు. ఒక నర్సింగ్ హోంలో భర్త సంతకం తెమ్మన్నారు. మా మతాన్ని ప్రభుత్వం గౌరవించాలి కదా అని మా వారి వాదన. చట్టం ఏమంటుంది?

జవాబు: మీకు 18 ఏళ్లు నిండాయి, మానసిక వ్యాధి లేదు. అలాంటప్పుడు చట్టం అడిగే సమ్మతి మీది ఒక్కటే. మెడికల్ టెర్మినేషన్ ఆఫ్ ప్రెగ్నెన్సీ చట్టం (1971) సెక్షన్ 3(4)లో ఈ మాట స్పష్టంగా ఉంది. మీరు సంతకం చేయాల్సిన కాగితం పేరు ఫారం-సి. అందులో భర్త సంతకానికి గడే లేదు.

మరి నర్సింగ్ హోం వాళ్లు ఎందుకు అడిగారు? భయం వల్ల. మన దేశంలో గర్భస్రావం చేయించడం ఇప్పటికీ మూలచట్టంలో నేరమే. ఒకప్పుడు ఐపీసీ 312, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 88. 1971 చట్టం షరతులు పాటించిన డాక్టరుకు దాని నుంచి రక్షణ ఇస్తుంది. రేపు భర్త గొడవకు వస్తే తమకు అడ్డు ఉండాలని ఆసుపత్రులు ఆ సంతకం కోరుకుంటాయి. కానీ డాక్టరును కాపాడేది మీ ఫారం-సి, తన అభిప్రాయం రాసే ఫారం-1. ఇదే మాట మర్యాదగా చెప్పి, ఫారం-సి ఇమ్మని అడగండి. అప్పటికీ పట్టుబడితే 'భర్త సంతకం లేనందున చేయడం లేదు' అని రాసిమ్మనండి. ఆ మాట రాసివ్వడానికి ఎవరూ అంత తేలిగ్గా ముందుకు రారు. రాసిచ్చినా, నోటితో పంపేసినా జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి ఫిర్యాదు ఇవ్వండి.

ఒక మెలిక ముందే తెలుసుకోండి. ఇదే సమయంలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించుకోవాలనుకుంటే, సంతానం కలగకుండా చేసే శస్త్రచికిత్సకు భార్యాభర్తలిద్దరి సమ్మతి ఉండాలని వైద్యుల వృత్తి నియమావళి (2002) చెబుతోంది. రెండూ ఒకే కాగితంలో పెడితే ఆ నియమం చూపించి గర్భం విషయం కూడా ఆపేస్తారు. రెండింటినీ విడదీయండి.

ఇక కారణం సంగతి. నాకు వద్దు అన్న ఒక్క మాట చట్టానికి చాలదు. ఇది నిజంగా కొరతే, కానీ ప్రస్తుత చట్టం అంతే. గర్భం కొనసాగితే మీ ప్రాణానికి ముప్పు లేదా శారీరక, మానసిక ఆరోగ్యానికి తీవ్ర హాని ఉందని డాక్టరు సదుద్దేశంతో అభిప్రాయపడాలి. 20 వారాల వరకు ఒక డాక్టరు చాలు. మీకు రెండు ఆధారాలున్నాయి. గర్భనిరోధక సాధనం విఫలమై వచ్చిన గర్భం వల్ల కలిగే వేదనను మానసిక ఆరోగ్యానికి తీవ్ర హానిగా పరిగణించవచ్చని చట్టమే చెబుతోంది. కాపర్-టి వేసినప్పటి కార్డు దీనికి రుజువు. రెండోది పాత కాన్పు డిశ్చార్జి షీటు, అందులోని బీపీ వివరాలు. ఇంటి పరిస్థితులను కూడా డాక్టరు లెక్కలోకి తీసుకోవచ్చు, కాబట్టి దాచకుండా చెప్పండి.

20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు కావాలి. అదీ నియమాల్లో పేర్కొన్న కొన్ని వర్గాలకే: అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భం సమయంలో వితంతువైనవారు లేదా విడాకులు పొందినవారు, తీవ్ర వైకల్యం ఉన్నవారు, పిండంలో లోపాలున్నవారు వగైరా. 24 దాటితే పిండంలో గణనీయమైన లోపాలున్నాయని మెడికల్ బోర్డు తేల్చాలి, లేదా తల్లి ప్రాణం కాపాడే అత్యవసరం ఉండాలి. 2023 అక్టోబరులో ఇద్దరు పిల్లల తల్లి ఒకామె 26 వారాల గర్భంతో వెళితే సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఒప్పుకోలేదు. పాలిచ్చే రోజుల్లో గర్భం సంగతి ఆలస్యంగా తెలిసిందన్నా, మానసిక అనారోగ్యం ఉందన్నా అనుమతి రాలేదు. ఇంట్లో వాళ్లు ఒప్పుకునేదాకా ఆగుదాం అనుకునే ఆడవాళ్లు మొదట నష్టపోయేది ఇక్కడే. అసలు గడువు కంటే ముందు మరో గీత ఉంది: కొన్ని ప్రైవేటు ఆసుపత్రులకు 12 వారాల వరకే అనుమతి ఉంటుంది. గోడకు తగిలించిన ఫారం-బి అనుమతి పత్రం చూడండి. ప్రభుత్వ ఆసుపత్రికి విడిగా ఆ అనుమతి అక్కర్లేదు.

మందుల షాపులో మాత్రలు కొని ఇంట్లో వేసుకోవద్దు. వాటికి నియమాల్లో ఉన్న పరిమితి 9 వారాలు, మీరు దాటిపోయారు. పైగా కాపర్-టి ఉండగా వచ్చిన గర్భం గర్భసంచిలోనే ఉందో, ట్యూబులో ఉందో స్కానింగులో తేల్చుకోవాలి. ట్యూబులో ఉన్న గర్భం ఈ మాత్రలకు పోదు, ట్యూబు పగిలితే ప్రాణాపాయం.

మీ వారి వాదనకు వద్దాం. ఆయన విశ్వాసం నిజమైనదే, దాన్ని తేలిక చేయనక్కర్లేదు. రాజ్యాంగం 25వ అధికరణం ఆయనకు మతస్వేచ్ఛ ఇచ్చింది. అయితే ఆ స్వేచ్ఛ ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి, ఇతర ప్రాథమిక హక్కులకు లోబడినదని అదే అధికరణం మొదటి వాక్యంలో ఉంది. ఆయన మతస్వేచ్ఛ ఆయన జీవితం వరకే పనిచేస్తుంది, మీ శరీరం మీద నిర్ణయం తీసుకునే అధికారం ఇవ్వదు. బిడ్డను కనాలా వద్దా అన్నది 21వ అధికరణం కింద స్త్రీ వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 2009లో సుచితా శ్రీవాస్తవ కేసులో చెప్పింది. ఈ విషయంలో ప్రభుత్వం ఏ మత సిద్ధాంతాన్నీ అమలు చేయదు. ఎన్ని వారాలు, ఎవరు చేయాలి, ఎక్కడ చేయాలి, వివరాలు ఎలా రహస్యంగా ఉంచాలి అన్నంతవరకే దాని పాత్ర.

అదే ప్రభుత్వం మీ విశ్వాసానికీ కాపలా ఉంటుంది. ఈ గర్భం ఉంచుకుంటానని మీరంటే మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టలేరు. స్త్రీ సమ్మతి లేకుండా గర్భస్రావం చేయించడం న్యాయ సంహిత సెక్షన్ 89 కింద నేరం, శిక్ష యావజ్జీవం లేదా 10 ఏళ్ల వరకు జైలు.

మిషన్ ఆసుపత్రి సంగతి కొంచెం వేరు. అక్కడ ఈ సేవ పెట్టుకోకపోవడం యాజమాన్యం ఇష్టం, దానిపై కేసు నిలవదు. కానీ వైద్యపరమైన అవసరం ఉన్నప్పుడు కేవలం మత కారణంతో గర్భస్రావానికి సాయం నిరాకరించకూడదని 2002 నియమావళిలోని 7.15 నిబంధన డాక్టర్లను నిర్దేశిస్తోంది. ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరు 'నా మతం ఒప్పుకోదు' అంటే ఈ నిబంధన పేరు చెప్పి సూపరింటెండెంట్‌కు రాసివ్వండి. రక్తస్రావంతో ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం ఏ ఆసుపత్రీ తిప్పి పంపకూడదు.

మరిదికి కోర్టులో మాట్లాడే హక్కే లేదు. భర్త విషయంలో పంజాబ్-హర్యానా హైకోర్టు 2011లో మంగళా డోగ్రా కేసులో తేల్చింది. తన సమ్మతి లేకుండా గర్భం తీశారంటూ ఒక భర్త భార్య మీద, డాక్టర్ల మీద 30 లక్షల పరిహారం కోరాడు. భర్త సమ్మతి అవసరం లేదని హైకోర్టు చెప్పగా, 2017లో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు.

అయినా ఒక జాగ్రత్త. 2007లో సమర్ ఘోష్ కేసులో, వైద్య కారణం లేకుండా గానీ, భర్త సమ్మతి లేదా ఎరుక లేకుండా గానీ భార్య అబార్షన్ చేయించుకుంటే అది మానసిక క్రూరత్వం కావచ్చని సుప్రీంకోర్టు ఒక ఉదాహరణగా పేర్కొంది. క్రైస్తవులకు వర్తించే 1869 విడాకుల చట్టంలోనూ క్రూరత్వం ఒక కారణమే. కాబట్టి మీకు ప్రమాదం లేకపోతే, ఆరోగ్య కారణాలు రాసి భర్తకు ఒక వాట్సాప్ సందేశం పంపండి. అనుమతి అడగవద్దు, తెలియజేయండి చాలు. కార్డు, స్కానింగు రిపోర్టు, డాక్టరు చీటీ నకళ్లు పుట్టింట్లో ఒక సెట్టు ఉంచండి. గదిలో పెట్టి తాళం వేయడం, కొట్టడం దాకా వస్తే గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు కోరవచ్చు.

మీ ఆసుపత్రి వివరాలు బయటపెట్టడం 1971 చట్టం సెక్షన్ 5ఎ కింద నేరం, ఏడాది వరకు జైలు. మీ పేరు రాసే అడ్మిషన్ రిజిస్టరు రహస్య పత్రం. మీ చర్చి గురువులు వచ్చి అడిగినా, అత్తగారు అడిగినా సిబ్బంది చెప్పకూడదు.

శ్రీసభ చట్టం గురించి మీ మనసులో భయం ఉంటుంది, అందుకే ఒక్క మాట. ఆ చట్టంలోని కానన్ (నిబంధన) 1397 ప్రకారం గర్భస్రావం చేయించేవారికి తీర్పుతో పనిలేకుండా దానంతటదే వర్తించే బహిష్కరణ ఉంది. తీవ్రమైన భయానికి లోనై చేసినవారికి అది అలా వర్తించదని కానన్ 1324 చెబుతోంది. పాపసంకీర్తనంలో (గురువు ముందు పాపాలు ఒప్పుకోవడంలో) దీన్ని క్షమించే అధికారాన్ని 2016లో పోప్ ఫ్రాన్సిస్ గురువులందరికీ ఇచ్చారు. ఇవి మీకూ శ్రీసభకూ మధ్య సంగతులు, వీటిని పట్టుకుని ఏ పోలీసూ మీ ఇంటికి రాడు. ఏ నిర్ణయమైనా మీరు నమ్మే గురువుతో ఒంటరిగా మాట్లాడి తీసుకోవచ్చు, కానీ వారాలు ఆగవు.

రేపే ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి గైనిక్ విభాగానికి ఆధార్, స్కానింగు, కాపర్-టి కార్డుతో వెళ్లండి. అడ్డుపడితే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి, ఫోన్ 15100. ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆడవాళ్లకు అక్కడ ఉచితంగా లాయర్‌ను ఇస్తారు.