ఇత్తడి పెట్టే చోట ముందు వాసన చూడు

అంబత్తూరు, చెన్నై

అమ్మడూ,

నువ్వు ఉద్యోగం మానేసి బెంగళూరు పీణ్యలో లోహపు రేకుల్ని నొక్కి సామాను చేసే ప్రెస్ షాపు పెడుతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వాడి గొంతులో సగం భయం, సగం గొప్ప. నాకూ అంతే. మన ఇంట్లో చేతులకి గ్రీజు అంటించుకున్నవాణ్ణి ఇన్నాళ్ళూ నేనొక్కణ్ణే. కానీ పెదనాన్న బతుకంతా ఇత్తడి ప్రెస్సుల మధ్యే గడిచిందని తెలిసి కూడా, ఒక్క మాట అడక్కుండా షెడ్డు చూసేసుకుంటావా? కోపం వచ్చింది. కోపం ఉత్తరంలో పెట్టొద్దని మీ పెద్దమ్మ అంటోంది. పెట్టేశాను, అయిపోయింది.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్, జీఎస్టీ, కరెంటు లోడు, ఇన్సూరెన్సు నీకు నాకంటే బాగా తెలుసు. ప్రెస్సులకి రెండు చేతులతో నొక్కే బటన్లు పెట్టించు. కాలి పెడల్ ఉన్న పాత మిషను చవగ్గా వస్తుందని ఎవరు చెప్పినా కొనకు. వేళ్ళు పోయిన ఆపరేటర్లని చూసినవాణ్ణి, ఈ మాట ఇంకెవరి దగ్గరా వినాల్సిన పని లేదు.

నాకు నిద్ర పట్టనివ్వనిది ఇంకొకటి. షెడ్డు వెనక గోడకి ఆనుకుని ఆవుల కొట్టం ఉందట కదా. పాలు దగ్గరే దొరుకుతాయని మీ నాన్న నవ్వాడు. నువ్వు చేయబోయేది సెన్సార్లకి తొడిగే ఇత్తడి టోపీలు. వాటికి ఆ కొట్టం గాలి విషం.

ఇది పాత కథే. 19వ శతాబ్దంలో మన దేశంలో ఉన్న బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తూటాలని గుర్రపుశాలల్లో దాచేది. తర్వాత తీసి చూస్తే ఇత్తడి కేసులు చీలి ఉండేవి. గుర్రాల మూత్రం నుంచి లేచిన అమ్మోనియా, గాలిలో తేమ, సాగదీసినప్పుడు లోహంలో మిగిలిపోయిన లాగుడు, మూడూ కలిసి చేసిన పని అది. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనేవాళ్ళు దీన్ని విడమర్చి రాశారు. సీజన్ క్రాకింగ్ అంటాం.

70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు ఉన్న రేకుని పంచ్‌తో నొక్కి చల్లగానే గొట్టంలా సాగదీస్తాం. నీ టోపీ అయినా తూటా కేసయినా పని ఒకటే. ఆకారం నిలబడుతుంది గానీ లోపల లాగుడు పోదు. కంటికి కనపడదు, మైక్రోమీటరుకి దొరకదు. అమ్మోనియా, తేమ తగిలితే లోహపు రేణువుల మధ్య సందుల వెంట చీలిక మొదలవుతుంది, లోపలి లాగుడు దాన్ని తెరుస్తుంది. తూటాల్లో గుండుని బిగించి నొక్కిన మెడ దగ్గరే ఎక్కువగా చీలేది. జింకు 15 శాతం లోపు ఉంటే ఈ బెడద చాలా తగ్గుతుంది, కానీ నీ కస్టమరు డ్రాయింగులో ఉన్నది ఆ రేకు కాదు. మరీ పాత తూటాల్లో మందు చెడి, దాని ఆవిర్లు కేసుని లోపల్నుంచి తినడం కూడా ఉంది, అది నీకు అక్కర్లేదు. వయసొక్కటే ఇత్తడిని పెళుసు చెయ్యదు. మీ నాయనమ్మ కాపరానికి తెచ్చుకున్న బిందె ఇవాళ్టికీ మా ఇంట్లో నీళ్ళు మోస్తోంది.

నేను కుర్రాడిగా చేరిన కంపెనీ సంగతి చెప్పాలి. పేరెందుకులే. అప్పట్లో డ్రాయింగులకి అమ్మోనియా ఆవిరితో నకళ్ళు తీసేవాళ్ళం, అమ్మోనియా ప్రింట్లంటారు. ఆ మిషనున్న గదికి ప్లైవుడ్ అడ్డం పెట్టి, అవతల సగాన్ని స్టోరు చేశాడు ఓనరు. అద్దె మిగిలిందని సంతోషం. దీపాల హోల్డర్లకి పనికొచ్చే ఇత్తడి టోపీలు అక్కడ పేర్చాం. మన మద్రాసు వానలు నీకు తెలుసుగా, అక్టోబరులో పట్టుకుంటే డిసెంబరు దాకా ఆరవు. పొంగల్ ముందు డిస్పాచ్‌కి పెట్టెలు తెరిస్తే టోపీల అంచు నుంచి కిందికి వెంట్రుకంత గీతలు. గోటితో నొక్కితే విడిపోతున్నాయి. తుప్పు లేదు, సన్నబడ్డదీ లేదు.

ఓనరు ముందు రేకు అమ్మినవాణ్ణి తిట్టాడు. తర్వాత డై, అంటే అచ్చు, సెట్టింగ్ తప్పని ప్రెస్ ఆపరేటరు జీతంలో కోత కోశాడు. ఆయన నాకు పని నేర్పిన మనిషి. ఒక్క మాట ఎదురు చెప్పకుండా సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. చీలినవన్నీ ప్లైవుడ్ వైపు ర్యాకులవేనని, కిటికీ వైపువి బాగానే ఉన్నాయని స్టోర్ కీపరు గమనించాడు గానీ, అడిగినవాడు లేడు. చివరికి గిండీ ఇంజినీరింగ్ కాలేజీ నుంచి ఒక ప్రొఫెసరుని పిలిచారు. ఆయన టోపీ చేతిలోకి తీసుకోలేదు. గుమ్మంలో నిలబడి ముక్కు ఎగబీల్చి, "ఆ ప్రింటింగ్ మిషను ఎవరిది?" అన్నాడు. అంతే. కోసిన జీతం ఇస్తామని కబురు పంపారు. ఆ ఆపరేటరు తీసుకోవడానికి కూడా రాలేదు. రేపు నీ దగ్గర సరుకు చీలితే ముందు ఆపరేటరు మీదికి వెళ్ళకు తల్లీ.

ఇక చెయ్యాల్సింది. ఆఖరిసారి సాగదీసిన రోజే సరుకుని ఫర్నేసులో 250 నుంచి 300 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచు. గట్టిదనం పెద్దగా పోదు, లాగుడు తగ్గుతుంది. సైన్యం తూటాల మెడ మీద నీలం, గోధుమ రంగు మరక కనిపిస్తుందే, అది అక్కడ వేడి పెట్టిన గుర్తు. ఫర్నేసు కొనడానికి డబ్బు చాలకపోతే రెండో ప్రెస్సు ఆపు, ఇది ఆపకు. వేడి పెట్టాక మళ్ళీ నొక్కినా వంచినా లెక్క మొదటికొస్తుంది. పరీక్షకి పాతవాళ్ళు మెర్క్యురస్ నైట్రేట్ ద్రావణం వాడేవాళ్ళు. అందులో పాదరసం ఉంటుంది, నీ షెడ్డులోకి రానివ్వకు. అమ్మోనియా ఆవిరి పరీక్ష చేసే ల్యాబులున్నాయి, ప్రతి లాటు నుంచీ కొన్ని ముక్కలు పంపించు. నేల తుడిచే, ఇత్తడి మెరిపించే ద్రవాల్లో కొన్నింటిలో అమ్మోనియా ఉంటుంది, డబ్బా మీద చదివి కొను. టాయిలెట్ గోడకి స్టోరు ఆనించకు.

అడ్వాన్సు మాత్రం ఇప్పుడే ఇవ్వకు. ఆదివారం బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నాను, పెద్దమ్మ కందిపొడి కట్టిస్తోంది. బయటి తిండి తిని కడుపు పాడుచేసుకోకు. షెడ్డు ఓనరుకి నేను వస్తున్నట్టు చెప్పకు, ముందే తెలిస్తే ఫినాయిలుతో కడిగేస్తాడు.

మీ పెదనాన్న